రెండు గంటల పదిహేడు నిమిషాలకు

తడి దుప్పటి ఒక కొస ముసలి అమ్మణి చేతిలో, రెండో కొస కౌశల్య చేతిలో ఉన్నాయి. ఇద్దరూ చెరో వైపుకి మెలితిప్పి పిండుతుంటే నీళ్లు కాళ్ల మీద పడుతున్నాయి. శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి రెండు రోజులైంది. ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా ఉతకాల్సిందేనని ముసలావిడ తెల్లవారగానే మొదలుపెట్టింది.

దుప్పటిని వాకిట్లో తీగ మీద వేసి, కొసని తీగకి ముడివేసింది అమ్మణి. పక్కనే సీసాలో క్లిప్పులున్నాయి. వాటిని ముట్టుకోలేదు.

"క్లిప్పులు పెట్టవా అవ్వా?"

"గాలికి ఎగిరిపోతాయి బేటీ. ముడేస్తే యాడికీ పోదు." రెండో కొసా ముడివేసింది. "పన్నెండు కొట్టే లోపల తీసేయాల. పన్నెండయితే గాలి తిరుగుతాది. మిల్లు మసంతా ఈడే పడతాది."

"ఇంటి వెనక్కి మసి రాదు కదా. అక్కడ ఎండేసుకోకూడదా?"

ముసలావిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ఆడ డిష్షు ఉండాది. తడి గుడ్డ ఆడ పెట్టేది లేదు. జూన్‌లో మా కోడలు కామిని ఒక దుప్పటి వేసింది. మెషీను బీప్ బీప్ అనింది. దాని మొగుడు పరిగెత్తుకోనొచ్చి దాని చెయ్యి విరిచేసినాడు."

ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టే ఆ మాట చెప్పి, బకెట్లోకి వంగింది.

కౌశల్య రాజధాని సువాలో పదకొండేళ్లు పోలీసు సార్జెంటుగా పనిచేసి, మానేసి, ఇప్పుడు సొంతంగా విచారణలు చేస్తోంది. గోవిందుతో కలిసి చెరుకు కోసే గ్యాంగువాళ్లు కబురు పంపితే నిన్న ఈ చెరుకు ఊరు లబాసాకి వచ్చింది. గోవిందు మీద హత్య కేసు. పదకొండు గంటలకి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇప్పుడు ఏడున్నర. ఈ మూడున్నర గంటల్లో ఏమీ దొరక్కపోతే గోవిందు బతుకు జైల్లోనే తెల్లారుతుంది.

చచ్చిపోయినవాడు అమ్మణి పెద్ద కొడుకు సతేంద్ర. ఈ మిట్ట మీద డిష్ పెట్టి, చుట్టుపక్కల బడికీ, నర్సింగ్ స్టేషన్‌కీ, నాలుగు దుకాణాలకీ ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ అందించేవాడు. మంగళవారం సాయంత్రం అయిదున్నరకి డిష్ గదిలో శవమై కనిపించాడు. మెడ మీదా భుజం మీదా మూడు వేట్లు. వేసిన కత్తి గోవిందుది. రోజూ పని అయ్యాక కత్తిని ఈ ఇంటి వెనక చూరులో దోపి వెళ్లడం అతని అలవాటు.

కౌశల్య సంచిలో ఒక కాగితం ఉంది. సువాలోని నెట్‌వర్క్ కేంద్రంలో పనిచేసే ఇంద్ర రాత్రి పంపిన లాగ్ అది, మంగళవారం డిష్ సిగ్నల్ పడిపోయిన వేళల లెక్క. ఇంద్ర ఫోన్లో చెప్పిన మాటలు ఆమె చెవిలో ఇంకా ఉన్నాయి.

"వాన కాదక్కా. డిష్ ముందుకి ఏదో వచ్చింది. ఏమిటో నువ్వే చూసి చెప్పు."

కౌశల్య దుప్పటి మూల ముడి వైపు ఇంకోసారి చూసింది.

కింద రోడ్డు మీద జీపు చప్పుడైంది.

*

జీపులోంచి మొదట గోవిందు పడ్డాడు. దిగలేదు, పడ్డాడు. వెనక నుంచి ఎవరో తన్నారు. చేతులకి బేడీలు. పైపెదవి చీలి, ముందు పళ్లు రెండు లేవు. కుడిచేతి వేళ్లు వంకాయల్లా వాచి ఉన్నాయి.

అతని వెనక ఇన్‌స్పెక్టర్ రామ్ నారాయణ దిగాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. చివరగా దిగిన కానిస్టేబుల్ సెమీ తలుపంత మనిషి. కౌశల్యని చూసి మెల్లిగా "బులా, మేడమ్" అని పలకరించి, వెంటనే కళ్లు దించేశాడు.

"ఆవో, సువా బహినీ," అన్నాడు రామ్ నారాయణ. "బట్టలు ఉతకడానికి వచ్చావా? మంచిది. ఈ పనికి నువ్వు సరిపోతావు."

"వీణ్ని ఎందుకు తీసుకొచ్చారు?"

"ఎట్లా నరికాడో చూపిస్తాడు. మేజిస్ట్రేటుకి ఫొటోలు కావాలి." గోవిందు జుట్టు పట్టి లేపాడు. "చల్. చూపించు."

"సార్, నేను లేదు సార్..."

రామ్ నారాయణ లాఠీ కొసతో అతని పక్కటెముకల మధ్య పొడిచాడు. గోవిందు మోకాళ్ల మీద కూలబడి, అమ్మణి పిండిన నీటి మడుగులో నెత్తురు ఉమ్మాడు.

ముసలావిడ బకెట్ పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా," అన్నాడు గోవిందు ఆమె వైపు చూసి. "నేను రాలేదని నువ్వైనా చెప్పమ్మా. రోజూ నీ చేతి టీ తాగేవాణ్ని."

అమ్మణి తెల్ల చీర కొంగుని వేళ్లతో నలిపింది.

"రాతలో ఒప్పుకున్నాడు," అన్నాడు రామ్ నారాయణ, జేబులోంచి కాగితం తీసి ఊపుతూ. "సాయంత్రం నాలుగున్నరకి వచ్చాడు. పోయిన వారం తగాదా ఉంది. కత్తి వీడిది. అయిపోయింది."

కౌశల్య కాగితం అందుకుంది. కింద సంతకం చిన్నపిల్లవాడు గీసినట్టు ఉంది.

"గోవిందూ, నువ్వు ఏ చేత్తో రాస్తావు?"

"కుడిచేత్తో దీదీ."

"మరి ఇది ఎడమచేత్తో పెట్టావే?"

గోవిందు వాచిన వేళ్లని చూసుకున్నాడు. సెమీ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"జీపు తలుపులో పడ్డాయి," అన్నాడు రామ్ నారాయణ.

"నాలుగు వేళ్లూనా?"

"ఏమంటావు బహినీ? నీకు ఆధారం ఉంటే చూపించు. లేకపోతే దారి వదులు."

*

డిష్ గది ఇంటి వెనక రేకుల షెడ్డు. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు వెడల్పు. బయట గోడని ఆనుకుని మనిషి కంటే ఎత్తైన తెల్లటి డిష్ ఉంది. ఉపగ్రహం ఇక్కడికి ఆకాశంలో బాగా కిందికి కనిపిస్తుంది కాబట్టి, డిష్ పైకి చూడకుండా దాదాపు నిటారుగా చెరుకు తోట వైపు చూస్తూ ఉంది. దానికి రెండు గజాల ముందు, షెడ్డు గుంజ నుంచి జామ చెట్టుకి పాత తీగ ఒకటి కట్టి ఉంది. జూన్‌లో కామిని దుప్పటి వేసిన తీగ అదే అయి ఉండాలి.

కౌశల్య తీగ పొడవునా వేళ్లతో తడిమింది. తుప్పు పొడి వేళ్లకి అంటింది. ఒకచోట అంటలేదు. తుప్పు రుద్దుకుపోయి అంగుళం మేర ఇనుము మెరుస్తోంది. అక్కడి నుంచి ఆరు అడుగుల దూరంలో ఇంకోటి. రెండో మెరుపు దగ్గర ఇనప పోగులో ఒక తెల్లటి నూలు దారం చిక్కుకుని ఉంది. దారాన్ని కవర్లో వేసుకుంది.

తర్వాత షెడ్డు లోపలికి వెళ్లింది.

వాసనకి రామ్ నారాయణ గుమ్మంలోనే ఆగిపోయాడు. నెత్తురు గోడ మీద నల్లగా ఎండింది. అన్ని చుక్కలూ నడుము ఎత్తుకి కిందే ఉన్నాయి. పైన రేకు మీద మాత్రం కత్తి ఎత్తినప్పుడు చిమ్మిన ఒక గీత.

"నరికినప్పుడు సతేంద్ర నిలబడి లేడు," అంది కౌశల్య.

"కూర్చున్నాడు. మెషీను ముందు కూర్చుంటాడు కదా."

"కుర్చీ మీద చుక్క కూడా లేదు. అతను నేల మీద మోకాళ్లు వేసి ఉన్నాడు." ఆమె టార్చి నేల మీదికి తిప్పింది. "ఇది చూశారా మీరు?"

సిమెంటు నేల మీద ఎండిన నెత్తురు చాప పరిచినట్టు ఉంది. మధ్యలో ఒకచోట నేల శుభ్రంగా ఉంది. గుండ్రంగా తల అంత. దాని కింద రెండు వైపులా భుజాలంత. ఒక పక్కకి విసిరినట్టు చెయ్యి.

రామ్ నారాయణ ముక్కు మూసుకుని వంగి చూశాడు.

"అతని కింద ఇంకో మనిషి ఉంది ఇన్‌స్పెక్టర్ గారూ. వెల్లకిలా పడి ఉంది. ఆ మేర నెత్తురు ఆమె మీద పడింది, నేల మీద పడలేదు."

"ఆమె?"

"ఆ భుజాలు మగవాడివి కావు."

సెమీ బయట నుంచి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

*

కామిని ముందు గదిలో చాప మీద కూర్చుంది. ఇరవై ఆరేళ్లు. గౌను మీద మెడ చుట్టూ ఓర్నీ రెండు మెలికలు చుట్టుకుని ఉంది. ఎడమ మణికట్టుకి జూన్ నాటి పట్టీ ఇంకా ఉంది. పక్కన గోడకి ఆనుకుని సతేంద్ర తమ్ముడు జగన్నాథ్ నిలబడ్డాడు. టౌన్లో ఫోన్ల దుకాణం అతనిది. మూలన మత్తు పానీయానికి యాంగోనా వేర్లు దంచే రోలూ, దాని ఇనుప రోకలీ ఉన్నాయి. అమ్మణి గుమ్మం దగ్గర బకెట్ దించి గోడవార చతికిలబడింది. సెమీ గోవిందుని మెట్టు మీద కూర్చోబెట్టాడు.

"మంగళవారం నువ్వు ఎక్కడున్నావు కామినీ?"

"టౌన్లో. అయిదున్నరకి వచ్చినా." గొంతు గరగరమంది. రంపం కోసినట్టుంది.

"ఏ బస్సుకి వెళ్లావు?"

"బస్సు కాదు. జగన్ వ్యాన్‌లో. మూడుకి ముందే దుకాణంలో ఉన్నా. అందరూ చూసినారు."

"గొంతుకి ఏమైంది?"

"జలుబు."

"నాకు జలుబు చేస్తే ముక్కు కారుతుంది. ఓర్నీ తీయి."

"భౌజీని వదిలేయ్," అన్నాడు జగన్నాథ్, వదిన వైపు చూస్తూ.

"తీయి కామినీ."

కామిని కదల్లేదు. కౌశల్యే వంగి ఓర్నీ ఒక మెలిక విప్పింది. గొంతుకి రెండు వైపులా నల్లటి మచ్చలు. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు నాలుగు. కంటి తెల్లగుడ్డులో నెత్తురు చుక్క.

"ఇంకో నిమిషం అయితే నువ్వు ఉండేదానివి కావు," అంది కౌశల్య మెల్లిగా, ఓర్నీ మళ్లీ చుడుతూ. తర్వాత జగన్నాథ్ వైపు తిరిగింది. "నువ్వు అన్నతో వీడియోలో ఎప్పుడు మాట్లాడావు?"

"పోలీసుకి చెప్పినా కదా. మూడు గంటలకి. ఇరవై నిమిషాలు. భైయా ఈడ మెషీను ముందే కూర్చున్నాడు. నేను దుకాణంలో ఉన్నా."

"బొమ్మ బాగా కనిపించిందా?"

"క్లియర్‌గా. నవ్వినాడు కూడా."

"అంటే మూడు ఇరవై దాకా బతికే ఉన్నాడు," అన్నాడు రామ్ నారాయణ. "నాలుగున్నరకి గోవిందు."

"గోవిందు మంగళవారం పన్నెండు నుంచి మూడున్నర దాకా మిల్లు దగ్గర లారీ క్యూలో ఉన్నాడు. తూకం చీటీ మీద టైమ్ ఉంది. డ్రైవరూ ఉన్నాడు. మూడున్నర లోపల సతేంద్ర చచ్చిపోయి ఉంటే మీ కేసు పోతుంది."

"చచ్చిపోయి ఉంటే కదా."

కౌశల్య సంచిలోంచి లాగ్ తీసి చాప మీద పరిచింది.

"ఆ మోడెమ్ తెలివైంది ఇన్‌స్పెక్టర్ గారూ. ఆకాశం తేటగా ఉంటే ఒక్కో సంకేతంలో అయిదు బిట్లు కూరి పంపుతుంది. అద్దెకి తీసుకున్న కొద్దిపాటి బ్యాండ్‌విడ్త్ వృథా కాకూడదని. సిగ్నల్ బలహీనపడితే నాలుగు, మూడు, చివరికి రెండు. వినపడనివాడితో ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పినట్టు. నెమ్మదిస్తుంది, తెగిపోదు. అట్లా మారిన ప్రతిసారీ సెకనుతో సహా రాసుకుంటుంది. చూడండి. మంగళవారం పొద్దున్నుంచీ అయిదు. రెండు గంటల పదిహేడు నిమిషాల ఎనిమిది సెకన్లకి మూడు. ముప్పై ఒకటో సెకనుకి రెండు."

"వాన," అన్నాడు రామ్ నారాయణ.

"లబాసాలో పుట్టిన మీకు నేను చెప్పాలా? వాన పడితే లారీలు పొలంలోంచి కదులుతాయా? మంగళవారం క్యూ రోడ్డు దాకా ఉంది."

కౌశల్య లాగ్ మీద వేలు కిందికి జరిపింది.

"వాన మబ్బు మెల్లిగా వస్తుంది, ఠక్కున పోతుంది. ఇది ఠక్కున వచ్చి మెల్లిగా పోయింది. మూడు ఇరవై ఆరుకి రెండు నుంచి మూడు. మూడు యాభై ఒకటికి నాలుగు. నాలుగు ఇరవైకి అయిదు. మిల్లు మసి వాకిట్లో పడే ఆ వేళలో ఏదో తడిది డిష్ ముందుకి వచ్చి, రెండు గంటల పాటు అక్కడే కొంచెం కొంచెంగా ఆరింది."

వెనక గోడవార కూర్చున్న ముసలావిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఆ రెండు గంటలూ మెషీను బీప్ కొడుతూనే ఉంది. ఎవరూ నొక్కి ఆపలేదు. తడి దుప్పటి వేసినందుకు పెళ్లాం చెయ్యి విరిచినవాడు, బతికుంటే, రెండు గంటలు ఊరుకుంటాడా? ఈ ఇంట్లో ఆ తీగ మీద తడి గుడ్డ వేసే ధైర్యం ఎవరికుంది? ఆయన చచ్చిపోయాడని తెలిసినవాళ్లకి తప్ప?"

"అల్లాటప్పా మాటలు," అన్నాడు జగన్నాథ్.

"మూడు గంటలకి నువ్వు వీడియోలో మాట్లాడావు. మూడు గంటలకి మోడెమ్ అడుగున ఉంది. ఉన్న ఆ చిన్న ధార బడికీ నర్సుకీ పంచాలి. రెండున్నరకి నర్సు పంపిన ఒక్క ఫొటో నాలుగు దాకా కదల్లేదు. నీకు మాత్రం బొమ్మ క్లియర్‌గా వచ్చింది. నవ్వింది కూడా. ఫోన్లు అమ్మేవాడివి, ఇంత చిన్న విషయం..."

జగన్నాథ్ చెయ్యి మూలకి పోవడం ఆమె చూసింది. రోకలి లేచింది. తలకి తగలాల్సింది ముంజేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. లాగ్ కాగితం అతని పిడికిట్లో నలిగింది. రెండో దెబ్బకి రోలు దొర్లింది. కామిని గొంతు లేని గొంతుతో అరిచింది. కౌశల్య అతని మోకాలి మీద బలమంతా పెట్టి తన్నింది. అతను వంగాడు. సెమీ గుమ్మంలోంచి ఒక్క అంగలో వచ్చి అతన్ని వెనక నుంచి ఎత్తి నేలకేసి కొట్టాడు. చిన్న ఇల్లు గుంజలతో సహా అదిరింది.

రామ్ నారాయణ లాఠీతో జగన్నాథ్ వీపు మీద ఒకటి, రెండు, మూడు కొట్టాడు.

"నేనే!" జగన్నాథ్ నేలకి ముఖం ఆనించి అరిచాడు. "నేనే చంపినా. భౌజీ గొంతు పిసుకుతా ఉన్నాడు. నేనే నరికినా. నా చొక్కా ఉతికి ఆరేసినా. రాసుకో!"

"చూశావా," అన్నాడు రామ్ నారాయణ ఆయాసపడుతూ. "ఒకడు కాకపోతే ఇంకొకడు. మేజిస్ట్రేటుకి ఈ పూట ఎవడో ఒకడు చాలు."

కౌశల్య గోడకి ఆనుకుని, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఇక్కడ ఆగిపోవచ్చు. గోవిందు బయటపడతాడు. తనని పిలిపించినవాళ్లు అడిగింది అంతే. కానీ మెట్టు మీద వాచిన వేళ్లు ఒడిలో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసింది. ఒకడి నేరం ఇంకొకడి మీద పెడితే ఎలా ఉంటుందో ఆ మెట్టు మీదే కనిపిస్తోంది.

"నీ చొక్కా ఎంత వెడల్పు జగన్?" అంది.

అతను ముఖం ఎత్తాడు.

"చొక్కా ఆ డిష్‌లో పావు వంతు కప్పదు. అయిదు నుంచి నాలుగుకి పడుతుందేమో, అంతే. ఇది రెండుకి పడింది. డిష్ మొత్తం కప్పిన గుడ్డ. అదీ రెండు పొరలు. ఒక పొర ఎనిమిదో సెకనుకి, రెండో పొర ముప్పై ఒకటో సెకనుకి. మధ్యలో ఇరవై మూడు సెకన్లు. మొదటి కొస ముడివేసి, అటు చివరికి నడిచి, మడత పరిచి, రెండో కొస ముడివేయడానికి పట్టినంత."

"చుప్," అన్నాడు జగన్నాథ్. ఈసారి అది అరుపు కాదు, బతిమాలడం. "దీదీ, చుప్."

"కామిని చెయ్యి గుడ్డ పిండదు. గుడ్డ ఆరు గజాలు ఉండాలి. తెల్లటి నూలు." ఆమె గొంతు తగ్గింది. "క్లిప్పులు పెట్టలేదు."

రామ్ నారాయణ లాఠీ కిందికి దిగింది. అతను మొదట కామిని గౌను చూశాడు. తర్వాత, ఈ రెండు రోజుల్లో తను ఒక్క ప్రశ్న కూడా వేయని మనిషి వైపు తిరిగాడు.

అమ్మణి అప్పటికే లేచి నిలబడింది. తడిచేతులు చీరకి తుడుచుకుంది. మెట్టు దగ్గర గోవిందు ముందు వంగి, తెల్లటి కొంగుతో అతని మూతి మీద నెత్తురు తుడిచింది. అతను ఆమె వైపు నోరు తెరిచి చూస్తున్నాడు.

"అత్తా," అంది కామిని. గాలి మాత్రమే వచ్చింది.

ముసలావిడ వెనక్కి చూడలేదు. మెట్లు దిగి, వాకిట్లో ముడులతో వేలాడుతున్న దుప్పట్ల మధ్య నుంచి నడిచి, జీపు వెనక తలుపు తనే తీసుకుని, గోవిందుని కూర్చోబెట్టి తెచ్చిన చోట ఎక్కి కూర్చుంది.